ఆ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు

పేరూ, తానుండే ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ అమెరికా నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, అక్కడికి వెళ్లి ఎమ్మెస్ చేసి, మూడేళ్లుగా సముద్రతీరంలోని ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నారు. లోతు సముద్రాన్ని చూడాలనుకునే యాత్రికుల కోసం ఆ కంపెనీ నలుగురు కూర్చునే సబ్‌మెర్సిబుల్‌ను, అంటే నీటి లోతుకు దిగే చిన్న వాహనాన్ని, తయారు చేస్తోంది. మనుషులుండే గొట్టం, అంటే హల్, కార్బన్ ఫైబర్‌తో చేసినది. నీటి ఒత్తిడికి ఆ హల్ ఎంత నొక్కుకుంటోందో కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ల లెక్కలనూ, గోడల్లో పుట్టే చప్పుళ్లను పట్టే సెన్సర్ల రికార్డులనూ పరిశీలించడం ఈయన పని.

రెండు నెలల క్రితం ఒక పరీక్షా డైవ్ ముగించుకుని పైకి వస్తుండగా పైలటుకు తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చేసిన రెండు డైవ్‌లలో ఒక పక్క గేజ్‌ల గీతలు పాత గీతల మీద కూర్చోవడం లేదు. ఈయన ఆ రెండు గ్రాఫులనూ ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూశారట. మేనేజరుకు చూపిస్తే "హల్ ఫ్రేములో సర్దుకున్న చప్పుడు అది, అంతే" అన్నారు. వచ్చే సీజనులో డబ్బు కట్టిన తొలి బృందం దిగబోతోంది. ఈలోగా "హల్ ప్రవర్తన సాధారణం" అని రాసివున్న పరీక్ష నివేదిక కింద సంతకం చేయమని ఈయనను అడుగుతున్నారు. వాహనానికి ఏ సంస్థ ఇచ్చిన క్లాస్ సర్టిఫికెట్టూ, అంటే బయటివారు పరీక్షించి ఇచ్చే భద్రతా పత్రమూ, లేదు. వచ్చేవాళ్లను ప్రయాణికులు అనకుండా "సహ పరిశోధకులు" అంటున్నారు. వాళ్లందరి చేతా ప్రాణాపాయం ఉందని ఒప్పుకునే వేవర్ మీద సంతకం తీసుకుంటాం కాబట్టి నీకేమీ అంటుకోదని, దిగేది వెయ్యి మీటర్లే గాని టైటానిక్ అంత లోతు కాదని మేనేజరు ధైర్యం చెబుతున్నారు.

ఈయనది హెచ్-1బీ వీసా. భార్యకు ఏడో నెల. విశాఖలో కొన్న ఫ్లాటుకు నెలనెలా వాయిదా కట్టాలి. "హల్ చేసింది నువ్వు కాదు, కొన్నది నువ్వు కాదు, కాన్పు అయ్యేదాకా గొడవ పెట్టుకోకు" అని ఆమె అంటున్నారు. తండ్రి హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఫోనులో అంతా విని, "మా వెల్డుకు ఎక్స్‌రే తీయించి, నచ్చకపోతే సర్వేయరు సుద్దముక్కతో గీత గీసి పోయేవాడు. ఆ గీత చెరిపే హక్కు ఫోర్‌మన్‌కు కూడా లేదురా" అని మాత్రం అన్నారట. సంతకం చేస్తే చట్టం నన్ను ఏమంటుంది, చేయకపోతే నా గతి ఏమిటి, ఏదీ చేయకుండా ఉద్యోగం మానేస్తే నా బాధ్యత తీరినట్టేనా అని మూడు ప్రశ్నలు అడిగారు.

సమాధానం:

"ఫ్రేములో సర్దుకున్న చప్పుడు" అన్న మాట చదవగానే మీ ఉత్తరం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. ఓడల సర్వే పనుల్లో చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి టైటాన్ సబ్‌మెర్సిబుల్ దర్యాప్తును మొదటినుంచీ చదువుతూ వచ్చాను. ఆ దర్యాప్తులో దాదాపు ఇదే మాట ఉంది. 2022 జులై 15న టైటాన్ తన 80వ డైవ్ ముగించి పైకి వస్తుండగా పెద్ద చప్పుడు వినిపించింది. హల్ తన లోహపు ఫ్రేములో కదిలిన చప్పుడని ఆ కంపెనీలో సర్దిచెప్పుకున్నారు. ఆ రోజు తర్వాత స్ట్రెయిన్ గేజ్‌ల లెక్కలు మారిపోయాయన్నది ఆ కంపెనీ దగ్గరున్న రికార్డులోనే ఉంది. కార్బన్ ఫైబర్ పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవడం అప్పుడే మొదలైందని దర్యాప్తులు తర్వాత తేల్చాయి. ఆ హల్‌ను విప్పి చూడలేదు. పైగా ఆ చలికాలమంతా కెనడాలోని సెయింట్ జాన్స్‌లో ఆరుబయట ఉంచారు. 2023 జూన్ 18న 88వ డైవ్‌లో, టైటానిక్ శిథిలాల వైపు దిగుతుండగా, అది నలిగిపోయి లోపలున్న ఐదుగురూ చనిపోయారు. వారిలో పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒకడు, తండ్రితో కలిసి వచ్చినవాడు.

మీ హల్‌కు కూడా అదే జరిగిందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒక చప్పుడుకు రెండు కారణాలు ఉండగలిగినప్పుడు, అందులో ప్రాణం తీయగల కారణం లేదని ఎవరో ఒకరు కళ్లారా చూసి చెప్పాలి. మీ దగ్గర ఆ చూడటం జరగలేదు. మీ మేనేజరు చెప్పింది ఊహ. అది నిజమే కావచ్చు. కానీ ఊహను పరీక్షా ఫలితంగా మార్చడానికి ఆయనకు మీ సంతకం కావలసి వచ్చింది.

వెయ్యి మీటర్లే అన్న ధైర్యం సంగతి చూద్దాం. అక్కడ చదరపు సెంటీమీటరుకు, అంటే మీ బొటనవేలి గోరంత చోటుకు, సుమారు వంద కిలోల బరువు పడుతుంది. టైటానిక్ ఉన్న 3,800 మీటర్ల దగ్గర అది నాలుగు వందల కిలోలకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి పోలిక వరకూ మీ మేనేజరు మాట నిజమే. అయితే హల్ తట్టుకోవలసింది తాను దిగే లోతును. దాన్ని వెయ్యి మీటర్ల కోసమే కట్టి ఉంటే వెయ్యి మీటర్లే దానికి 3,800. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువన్నదీ అంత నమ్మదగిన మాట కాదు. 2025 మార్చి 27న ఈజిప్టులోని హుర్ఘదా తీరంలో, పాతిక మీటర్ల లోతుకు మించి దిగని పర్యాటక జలాంతర్గామి మునిగి ఆరుగురు రష్యన్లు చనిపోయారు.

కార్బన్ ఫైబర్ గుణం నాకన్నా మీకే బాగా తెలుసు. మన పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. లాగితే అది ఉక్కును మించిన గట్టిది. నొక్కితే ఆ గట్టితనం అంత నమ్మకంగా ఉండదు, ఎందుకంటే అప్పుడు పొరల మధ్యనున్న జిగురు మీద, చుట్టేటప్పుడు పడిన ముడతల మీద, లోపల చిక్కుకున్న గాలి బుడగల మీద భారం పడుతుంది. టైటాన్ హల్‌లో ఇలాంటి ముడతలూ, ఖాళీలూ ఉన్నాయని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. డైవ్ డైవ్‌కూ ఆ లోపాలు కొంచెం కొంచెం పెరుగుతాయి. పైకి చూస్తే రంగు కూడా చెదరదు. నిన్న బాగానే దిగి వచ్చింది కదా అన్న వాదన, నాలుగేళ్లుగా కూలని మిద్దె ఈ ఏడు కూడా కూలదన్నట్టు ఉంటుంది. మన దేశపు లోతు సముద్ర యాత్ర సముద్రయాన్ కోసం చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వారు తయారు చేస్తున్న మత్స్య 6000లో మనుషులుండే గోళాన్ని 80 మిల్లీమీటర్ల మందం టైటానియంతో చేయడం ఊరికే కాదు. బరువూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే, అయినా ఆ లోహం ఎలా అలిసిపోతుందో దశాబ్దాల లెక్కలున్నాయి.

మీ నాన్నగారు చెప్పిన సుద్దముక్క గీత దగ్గరికి వస్తాను, ఎందుకంటే క్లాస్ అనేదాన్ని ఇంతకంటే బాగా వివరించిన మాట నేను వినలేదు. లాయిడ్స్ రిజిస్టర్, డీఎన్‌వీ, ఏబీఎస్, మన ఇండియన్ రిజిస్టర్ లాంటి సంస్థలు నమూనా గీసిన నాటినుంచి లోహం కొన్న కాగితాలు, చేసిన తీరు, ఒత్తిడి పరీక్ష, ఏటా జరిగే సర్వే దాకా తమ మనిషిని నిలబెడతాయి. ఆ మనిషి జీతం మీ మేనేజరు చేతిలో ఉండదు. అందుకే ఆయన గీసిన గీతకు బలం. టైటాన్ కంపెనీ ఈ పద్ధతి కొత్త ఆవిష్కరణల వేగానికి అడ్డమని 2019లో బహిరంగంగానే రాసుకుంది. అంతకు ఏడాది ముందు, 2018 మార్చిలో, ఆ రంగంలోని మూడు డజన్లకు పైగా నిపుణులు ఇది మంచిది కాదని హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. క్లాస్ ఉన్న వాహనం లోతుకు వెళ్లలేదా అంటే, టైటానియం గోళంతో చేసి డీఎన్‌వీ క్లాస్ పొందిన లిమిటింగ్ ఫ్యాక్టర్ అనే సబ్‌మెర్సిబుల్ పసిఫిక్‌లోని ఛాలెంజర్ డీప్‌కు, అంటే పది కిలోమీటర్ల కన్నా లోతుకు, మళ్లీ మళ్లీ దిగి వచ్చింది.

మీ దగ్గర ఆ బయటి మనిషి లేడు. అందుచేత సుద్దముక్క మీ చేతికి వచ్చింది. మీరు అడగలేదు, దానికి తగిన రక్షణా ఎవరూ ఇవ్వలేదు. మీ భార్య చెప్పింది ఈ విషయంలో సరైనదే. కట్టింది మీరు కాదు. కానీ ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది కట్టినందుకు సంతకం కాదు, చూసినందుకు సంతకం. చూసింది మాత్రం మీరే.

ఇక వేవర్. టైటాన్ యాత్రికులు సంతకం చేసిన పత్రంలో మొదటి పేజీలోనే మరణం అన్న మాట మూడుసార్లు ఉందని ఆ పత్రం చూసినవారు చెప్పారు. ప్రమాదాన్ని ఒప్పుకుని దిగినవాడు ఒప్పుకున్నది తనకు చెప్పిన ప్రమాదాన్ని. సముద్రం లోతుగా ఉంటుందని, వాహనం ప్రయోగాత్మకమని చెప్పారు, సరే. "గత జులైలో పెద్ద చప్పుడు వచ్చింది, గేజ్‌లు మారాయి, విప్పి చూడలేదు" అన్న వాక్యం ఆ పత్రంలో ఉందా? మీ కంపెనీ వేవర్‌లో ఉంటుందా? తెలిసిన లోపాన్ని దాచిపెట్టినవారికీ, స్థూల నిర్లక్ష్యానికీ అలాంటి కాగితం గొడుగు పట్టదన్నది అక్కడి కోర్టుల సాధారణ ధోరణి. టైటాన్‌లో చనిపోయిన ఫ్రెంచి అన్వేషకుడి కుటుంబం, ఆయన సంతకం చేసి ఉన్నా సరే, 2024లో ఐదు కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరుతూ దావా వేసింది.

సముద్ర చట్టంలో "తెలిసి" అన్న ఒక్క మాట చుట్టూ ఎంతో తిరుగుతుంది. 1851 నాటి అమెరికా చట్టం ప్రకారం, లోపం తన ఎరుకలో లేకుండా ప్రమాదం జరిగితే, ఓడ యజమాని బాధ్యత ప్రమాదం తర్వాత ఆ ఓడకు మిగిలిన విలువకే పరిమితం. 1912లో టైటానిక్ మునిగాక దాని యజమానులు అమెరికా కోర్టులో కోరుకున్నది దీన్నే. మిగిలినవి పధ్నాలుగు లైఫ్‌బోట్లు, ప్రయాణ ఛార్జీల సొమ్ము, అన్నీ కలిపి తొంభై వేల డాలర్ల చిల్లర. (వెయ్యిన్నర ప్రాణాలకు ఆ లెక్క. చదివిన ప్రతిసారీ మళ్లీ కూడి చూసుకుంటాను.) 2022 చివర్లో చిన్న ప్రయాణికుల ఓడలకు ఈ సౌకర్యం తీసేశారు. మీ వాహనం దాని కిందికి వస్తుందో రాదో న్యాయవాది చూడాలి. ఏదైనా, మీ మేనేజరు ఈ విషయమంతా నోటిమాటగా చెబుతూ, ఒక్క ఈమెయిల్ కూడా రాయలేదని మీరు ఉత్తరం చివర యథాలాపంగా అన్నారు చూడండి, దాని వెనక ఉన్నది బహుశా ఇదే. మీరు రాతలో పెట్టిన రోజున కంపెనీకి తెలిసినట్టు అవుతుంది. మీరు "సాధారణం" అని సంతకం చేసిన రోజున కంపెనీకి తెలియనట్టు, మీకు తెలిసినట్టు అవుతుంది.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు కఠినంగా ఉంటుంది. మామూలుగా ఉద్యోగి పొరపాటుకు పరిహారం కట్టేది యజమానే. తెలిసి తప్పు రాయడం పొరపాటు కిందికి రాదు. ఆ నివేదిక కోస్ట్ గార్డ్ ముందుకు వెళితే, ప్రభుత్వ సంస్థకు తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం దానంతట అదే నేరం. ఓడ మీది నిర్లక్ష్యంతో మనుషులు చనిపోతే పదేళ్ల వరకూ జైలు వేయగల పాత చట్టమూ అక్కడ ఉంది. 2019లో కాలిఫోర్నియా దగ్గర కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది చనిపోతే దాని కెప్టెన్‌కు ఆ చట్టం కిందే నాలుగేళ్ల శిక్ష పడింది. టైటాన్ అధిపతి బతికి ఉంటే ఆయన మీద నేర విచారణ కోసం న్యాయశాఖకు పంపేవాళ్లమని కోస్ట్ గార్డ్ 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో రాసింది. ఆ చట్టం గేజ్‌లు చూసే ఇంజనీరు దాకా వస్తుందా అంటే, సులువుగా రాదనే నా అభిప్రాయం. కానీ రాదన్న హామీ మీ మేనేజరు ఇవ్వగలిగింది కాదు.

మీ ముందున్న దారులు, వాటి ఖర్చులు చూద్దాం.

అన్నిటికన్నా తక్కువ చప్పుడు చేసే దారి, సంతకం చేయననడానికి బదులు సంతకం చేయగల నివేదిక మీరే రాసివ్వడం. ఫలానా డైవ్‌లో ఫలానా సమయానికి చప్పుడు నమోదైంది, తర్వాతి రెండు డైవ్‌లలో ఫలానా గేజ్‌ల కొలతలు ఇంత మారాయి, కారణం నిర్ధారణ కాలేదు, మనుషులు దిగేముందు హల్‌కు అల్ట్రాసౌండ్ లాంటి పరీక్ష జరగాలని సిఫార్సు. ఇందులో ఒక్క విశేషణం కూడా ఉండనక్కర్లేదు. దీన్ని మేనేజరుకూ, ఆయన పైవారికీ ఈమెయిల్‌లో పంపండి. కంపెనీలో ఒక్క బుద్ధిమంతుడున్నా పని ఇక్కడితో ఆగవచ్చు. బీమా కంపెనీ పేరు చెబితే చాలా మంది పెద్దలకు అకస్మాత్తుగా వినపడటం నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను. ప్రమాదమేమిటంటే, నివేదికను పక్కన పెట్టి మరొకరి చేత సంతకం చేయించవచ్చు, మీకు మెల్లగా పని తగ్గించవచ్చు. అలా జరిగినా, మీ దగ్గర తేదీ ఉన్న కాగితం మిగులుతుంది.

రెండోది కోస్ట్ గార్డ్‌కు చెప్పడం. డబ్బు తీసుకుని మనుషులను దింపే సబ్‌మెర్సిబుల్‌కు అమెరికాలో 1993 నుంచి తనిఖీ నిబంధనలున్నాయి. ప్రయాణికులను "సహ పరిశోధకులు" అని పిలవడం అక్కడే ఉపయోగపడుతుందని మీ కంపెనీ అనుకుంటోంది. టైటాన్‌లోనూ "మిషన్ స్పెషలిస్టులు" అన్నారు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసేస్తే ఓషాకు, అంటే కార్మికుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థకు, వెళ్లే హక్కు ఓడల సిబ్బందికి ఉంది, గడువు 180 రోజులు. మీరు ఆ నిర్వచనంలోకి వస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ మిమ్మల్ని మభ్యపెట్టలేను. టైటాన్ కంపెనీలో సముద్ర కార్యకలాపాలు చూసే ఉద్యోగి 2018 జనవరిలో లోపాల మీద నివేదిక ఇచ్చి, కొద్ది రోజుల్లోనే ఉద్యోగం పోగొట్టుకుని ఓషాకు ఫిర్యాదు చేశారు. కంపెనీ ఎదురు ఆయన మీదే దావా వేసింది. నెలలు గడిచాయి, విచారణ కదల్లేదు, ఆయన అలిసిపోయి రాజీపడ్డారు. ఐదేళ్ల తర్వాత ఆయన చెప్పిందే జరిగింది. ఓషా సకాలంలో కదలకపోవడాన్ని కోస్ట్ గార్డ్ నివేదిక తప్పుపట్టింది. ఆ నివేదిక వచ్చాక ఇలాంటి ఫిర్యాదును పక్కన పడేయడం ఏ అధికారికీ అంత తేలిక కాదన్నది నా నమ్మకం. నమ్మకమే సుమా.

మూడోది మీరు అడిగిన మూడో ప్రశ్న, ఊరుకుని మానేయడం. చట్టం దృష్టిలో అది మిమ్మల్ని చాలావరకూ కాపాడవచ్చు. కానీ ఆ సీటులో మరో కుర్రవాడు వచ్చి కూర్చుంటాడు, పాత గ్రాఫు అతనికి ఎవరూ చూపించరు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవ ఎక్కినవాళ్లకు పాపికొండలు చూడాలన్న ఆశ తప్ప ఆ రోజు ఏటి ఉధృతి సంగతి ఏం తెలుసు? తెలిసినవాళ్లు ఒడ్డున ఉన్నారు. మానేయాలనుకుంటే మానేయండి, అది తప్పు కాదు. వెళ్లేముందు మొదటి దారిలోని ఆ ఈమెయిల్ పంపి వెళ్లండి.

వీసా గురించి: ఉద్యోగం పోతే మీకు సాధారణంగా అరవై రోజుల వరకూ గడువుంటుంది. ఆ లోపల కొత్త యజమాని దొరకాలి, లేదా స్థితి మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. భార్య ఏడో నెలలో ఉండగా అరవై రోజులంటే ఎంత చిన్నవో నాకు తెలుసు. ఆరోగ్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుందన్నది అంతకన్నా పెద్ద చిక్కు. అందువల్ల ఈమెయిల్ పంపకముందే వేరే ఉద్యోగాలకు దరఖాస్తులు మొదలుపెట్టండి. ప్రసవం ఖర్చుకు బీమా కొనసాగించే మార్గం ఎంత ఖరీదో కనుక్కోండి. "కాన్పు అయ్యేదాకా" అని మీ భార్య అన్నదాన్ని నేను తోసిపుచ్చను. తొలి బృందం దిగేది ఎప్పుడో మీరు రాయలేదు. అది కాన్పు తర్వాతే అయితే, సంతకాన్ని సాంకేతిక కారణాలతో కొన్ని వారాలు వాయిదా వేయడంలో తప్పు లేదు. ముందే అయితే ఆ వెసులుబాటు లేదు, ఆ సంగతి ఆమెతో దాచకుండా మాట్లాడండి. గ్రాఫులు రెండూ ఆమెకు చూపించారా?

ఒక జాగ్రత్త. కంగారులో కంపెనీ ఫైళ్లను మీ సొంత ఈమెయిల్‌కు పంపుకోకండి. మీ మీద దావా వేయడానికి వాళ్లకు అంతకన్నా సులువైన కారణం దొరకదు. బదులుగా ఇంట్లో ఒక నోటుపుస్తకంలో, మీ చేతిరాతతో, ఏ రోజు ఏం చూశారో, ఎవరు ఏమన్నారో తేదీలతో రాసుకోండి. ఉద్యోగ వివాదాలు చూసే న్యాయవాది ఒకరు, వీసాలు చూసే న్యాయవాది ఒకరు, ఇద్దరితోనూ ఈమెయిల్ పంపకముందే మాట్లాడండి. మొదటి సంప్రదింపుకు చాలామంది ఎక్కువ తీసుకోరు. గోప్యత ఒప్పందం మీద ఎప్పుడో సంతకం చేసి ఉంటే ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి.

నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ చప్పుడు వచ్చిన తేదీ, సమయం, అప్పుడు ఎంత లోతులో ఉన్నారో రాయండి. ఉత్తరంలో "రెండు నెలల క్రితం" అని మాత్రమే రాశారు.